కారుకు దారి ఇచ్చేది బస్సే

సింగపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే మీద ఊరి మధ్యకు వెళ్తుంటే ఒకచోట తలపైన ఉక్కు కమాను వస్తుంది. టోల్ గేటులా అడ్డుకర్ర ఉండదు, క్యూ ఉండదు. కారు వేగం తగ్గించకుండానే దాని కిందనుంచి వెళ్లిపోతుంది. డ్యాష్‌బోర్డు మీది చిన్న పెట్టె బీప్ మంటుంది, కార్డులోంచి డబ్బు తెగుతుంది. ఆ అరగంటకు రేటు ఎంతో ముందే బోర్డు మీద కనిపిస్తుంది. ఎనిమిదింటికి ఒక రేటు, ఎనిమిదిన్నరకు ఇంకో రేటు. రద్దీ లేని వేళ అసలు రేటే ఉండదు.

ఈ రేటు వెనక చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి ఒకటి ఉంది. ఎక్స్‌ప్రెస్‌వేల మీద బళ్లు గంటకు 45 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో పోవాలి, నగరంలోని పెద్ద రోడ్ల మీద 20 నుంచి 30. మూడు నెలలకోసారి వేగాలు చూసుకుంటారు. 45 కన్నా తగ్గితే రేటు పెంచుతారు. 65 దాటితే రేటు తగ్గిస్తారు. మొదటిది అందరికీ అర్థమయ్యేదే. రెండోది మాత్రం కొంచెం ఆగి ఆలోచించాల్సినది. రోడ్డు మరీ ఖాళీగా ఉండటం కూడా అక్కడ లోపమే. అంత డబ్బు పోసి, అంత స్థలం ఇచ్చి కట్టిన రోడ్డు మీద ఇంకొన్ని బళ్లు పోవచ్చు కదా, ఊరికే ఎందుకు ఆపడం అని లెక్క.

కార్లంటే పడని ఊరు ఇలా లెక్కలు వెయ్యదు. బస్సులు, రైళ్లు బాగున్న నగరాల గురించి మాట్లాడేటప్పుడు సింగపూర్ పేరు ముందే వస్తుంది. అదే ఊరు 160 కిలోమీటర్లకు పైగా ఎక్స్‌ప్రెస్‌వేలు కట్టుకుంది, భూమి కింద 9 కిలోమీటర్ల సొరంగం తవ్వి మరీ ఒక ఎక్స్‌ప్రెస్‌వేను తీసుకెళ్లింది, సముద్రం అడుగునుంచి ఇంకోటి వేసింది. ఉన్న భూమిలో 12 శాతం దాకా రోడ్లకే ఇచ్చింది. ఇళ్లకు ఇచ్చింది దాదాపు 14 శాతం. అంటే మనుషులు నివసించే చోటుకీ బళ్లు తిరిగే చోటుకీ పెద్ద తేడా లేదు. అంత చిన్న దీవిలో ఇంతకంటే రోడ్డు వెయ్యలేమని వాళ్లకు తొందరగానే తెలిసొచ్చింది.

మన దగ్గర ఈ చర్చ ఎప్పుడూ రెండు పార్టీల గొడవలా సాగుతుంది. ఒకరు ఫ్లైఓవర్లు కావాలంటారు, ఇంకొకరు మెట్రో కావాలంటారు. బడ్జెట్‌లో ఎవరికి ఎంత వచ్చిందో చూసి గెలుపోటములు లెక్కేస్తారు. రోడ్లూ బాగుండి, బస్సులూ రైళ్లూ బాగున్న నగరాలను దగ్గరగా చూస్తే ఈ గొడవకు అర్థం కనిపించదు. అక్కడ రోడ్డు బాగుండటానికి ఒక కారణం రైలు బాగుండటమే.

దీనికి అర్థశాస్త్రంలో పాత వివరణ ఒకటి ఉంది. ఆంథనీ డౌన్స్ అనే అమెరికన్ 1962లో రద్దీ వేళల ట్రాఫిక్ మీద రాసిన దానికి, తర్వాత థామ్సన్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త చెప్పినదాన్ని కలిపి దీన్ని డౌన్స్-థామ్సన్ వైచిత్రి అంటారు. పేరు బరువుగా ఉన్నా విషయం పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరే ఎవరికైనా తెలిసిందే.

ఒక దారిలో రైల్లో వెళ్తే గుమ్మం నుంచి గుమ్మానికి 50 నిమిషాలు, కారులో 40 నిమిషాలు పడుతుందనుకుందాం. ఆ పది నిమిషాల లాభం చూసి కొందరు కారు తీస్తారు. వాళ్లను చూసి ఇంకొందరు. కార్లు పెరిగేకొద్దీ 40 కాస్తా 45 అవుతుంది, 48 అవుతుంది. 50కి దగ్గరయ్యాక కారు తీసి లాభం లేదనిపించి జనం ఆగుతారు. అంటే ఆ రోడ్డు మీద కారు ఎంతసేపట్లో వెళ్తుందో రైలు నిర్ణయిస్తోంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేశారనుకుందాం. కారు ప్రయాణం 35 నిమిషాలకు తగ్గింది. రైలెక్కేవాళ్లలో కొందరు అటు మళ్లారు. టికెట్ల డబ్బు తగ్గింది, రైలు పది నిమిషాలకు ఒకటి వచ్చేది కాస్తా పదిహేను నిమిషాలకు ఒకటైంది. రైలు ప్రయాణం 55 నిమిషాలకు చేరింది. దాంతో ఇంకొందరు కార్లెక్కారు. చివరికి కారు కూడా ఆ 55 దగ్గరే వచ్చి ఆగుతుంది. రోడ్డు వెడల్పు చేసినందుకు అందరికీ కలిసొచ్చింది అయిదు నిమిషాల ఆలస్యం. అదే డబ్బుతో రైలును 40 నిమిషాలకు తెచ్చి ఉంటే, కారులో వెళ్లేవాడు కూడా రైలెక్కకుండానే బాగుపడేవాడు.

ఇది ప్రతి రోడ్డుకూ వర్తించే సూత్రం కాదు. రద్దీ గట్టిగా ఉండి, జనానికి నిజంగా రెండు దారులూ ఉన్న చోటే పనిచేస్తుంది. బస్సే రాని ఊళ్లో రోడ్డు వేస్తే ఆ రోడ్డు లాభం నికరమైనదే. ఆ మాట మర్చిపోయి రోడ్డు వెయ్యడమే తప్పన్నట్టు మాట్లాడేవాళ్లూ ఉన్నారు.

సింగపూర్ ఈ సంగతిని పుస్తకం చూసి నేర్చుకోలేదు. 1970 మొదట్లో అక్కడి బస్సులు ఎలా ఉండేవంటే, చిన్నచిన్న ప్రైవేటు కంపెనీలు ఎవరి రూటు వాళ్లది పంచుకుని పాత బళ్లు తిప్పేవి. దారిలో చెడిపోవడం మామూలు. లైసెన్సు లేని టాక్సీలు సందుసందునా తిరిగేవి. 1971లో కంపెనీలను మూడింటికి కుదించారు, 1973లో ఒక్కటి చేశారు. అదీ చాలక 1974లో ప్రభుత్వం తన అధికారుల బృందాన్ని పంపి డిపోల నిర్వహణ చక్కదిద్దించింది. అదే ఏడాది రోడ్ల మీద బస్సులకు ప్రత్యేక లేన్లు గీశారు. ఇదంతా అయ్యాక, 1975 జూన్ 2న, కార్ల మీద చెయ్యి వేశారు.

ఈ వరస ముఖ్యం. ముందు బస్సు బాగుచేసి తర్వాత కారుకు రేటు పెట్టడం ఒకటి, ముందు రేటు పెట్టి బస్సు సంగతి తర్వాత చూద్దాం అనడం ఇంకొకటి. రెండోది చేసుంటే ఆ పథకం ఎన్నాళ్లు నిలిచేదో అనుమానమే.

ఊరి మధ్యలో ఆరు చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి గీత గీశారు. ఉదయం 7:30 నుంచి ఆ గీత దాటాలంటే కారు అద్దానికి లైసెన్సు కాగితం అంటించుకోవాలి. రోజుకు 3 సింగపూర్ డాలర్లు, నెలకు 60. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ప్రతి ప్రవేశం దగ్గరా కాపలా మనుషులు నిలబడి, పోయే కార్ల అద్దాలు చూస్తూ కాగితం లేని కార్ల నంబర్లు రాసుకునేవారు. బస్సులకు రేటు లేదు. కారులో నలుగురు కూర్చుంటే దానికీ లేదు. ప్రపంచంలో ఒక నగరం రద్దీకి ధర కట్టడం అదే మొదటిసారి. రద్దీ వేళలో లోపలికొచ్చే బళ్లు నలభై శాతానికి పైగా తగ్గాయి. అధికారులు కోరుకున్నది అంతకన్నా తక్కువే. రోడ్లు మరీ ఖాళీ అయ్యాయని విమర్శలు వచ్చాయి కూడా.

అనుకోనివి రెండు జరిగాయి. కార్లవాళ్లు గీత బయట కారు ఆపి బస్సెక్కి లోపలికి వస్తారని పెద్ద పార్కింగ్ స్థలాలు కట్టి, వాటి దగ్గర్నుంచి ప్రత్యేక బస్సులు వేశారు. అవి ఖాళీగా ఉండిపోయాయి. కారు ఎక్కినవాడు మధ్యలో దిగడు. దిగాలనుకుంటే ఇంటి దగ్గరే బస్సెక్కుతాడు. రెండోది, పొద్దున లోపలికి రాని కారు సాయంత్రం బయటికి పోదు కాబట్టి సాయంత్రం రద్దీ దానంతటదే తగ్గుతుందని లెక్కేశారు. తగ్గలేదు. ఊరి మధ్యలోంచి అడ్డదారిగా దాటిపోయేవాళ్లు పొద్దున చుట్టూ తిరిగి వెళ్లి, సాయంత్రం మాత్రం యథావిధిగా మధ్యలోంచే ఇంటికొచ్చేవారు. పథకాన్ని సాయంత్రానికి పెంచడానికి 1989 దాకా పట్టింది. కాగితాలు పోయి కమానులు వచ్చింది 1998లో.

రైలు మీద వాళ్లు పడిన మల్లగుల్లాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. మెట్రో కట్టాలా వద్దా అని దాదాపు పదేళ్లు వాదించుకున్నారు. దానికయ్యే ఖర్చు 500 కోట్ల సింగపూర్ డాలర్లు. ఆ రోజుల్లో ఆ చిన్న దేశానికి అది భయపడాల్సిన మొత్తమే. 1980లో హార్వర్డ్ నిపుణుల బృందం వచ్చి, రైలు అక్కర్లేదు, బస్సులు పెంచుకుంటే చాలంది. తర్వాత చేసిన ఇంకో అధ్యయనం దీన్ని తిప్పికొట్టింది. అందులో వాదన సూటిగా ఉంది. అవసరమైనన్ని బస్సులు కొనవచ్చు, కానీ అన్ని బస్సులు పోవడానికి ఊరి మధ్య రోడ్లు చాలవు. అంటే రైలు కావాల్సింది కార్లను తగ్గించడానికే కాదు, బస్సులకు రోడ్డు మిగల్చడానికి కూడా. ఓంగ్ టెంగ్ చియాంగ్ అనే మంత్రి రైలు పక్షాన గట్టిగా నిలబడ్డాడు. ఆయన వాస్తుశిల్పి, నగర ప్రణాళిక చదువుకున్నవాడు. 1982లో నిర్ణయం అయింది. 1987 నవంబర్ 7న ఆరు కిలోమీటర్లు, అయిదు స్టేషన్లతో మొదటి రైలు నడిచింది. ఇప్పుడు ఆ రైలు మార్గాలన్నీ కలిపి 240 కిలోమీటర్లు దాటాయి. 2030ల్లో 360 చేస్తామంటున్నారు.

కారు మీద అసలు పట్టు మాత్రం 1990లో పడింది. ఆ ఏడాది మే నుంచి కొత్త బండి కొనాలంటే ముందు వేలంలో అనుమతి పత్రం గెలవాలి. అది పదేళ్లే చెల్లుతుంది. ప్రభుత్వం ఎన్ని పత్రాలు వదిలితే రోడ్డెక్కే కొత్త బళ్లు అన్నే. 2018 నుంచి కార్ల సంఖ్యలో పెరుగుదలను సున్నా చేశారు. పాతవి పోతే తప్ప కొత్తవి రాకూడదన్నది సూత్రం. 2023 అక్టోబర్‌లో పెద్ద కార్ల అనుమతి ధర లక్షా యాభై వేల సింగపూర్ డాలర్లు దాటింది. మన డబ్బులో 90 లక్షలకు పైనే. ఇది కారు ధర కాదు, కారు కొనుక్కోవడానికి పర్మిషన్ ధర. ఇంత ఖర్చు పెట్టి కొన్నవాడికి రోడ్డు మీద జామ్ చూపిస్తే ఊరుకుంటాడా? ఊరుకోడు. అందుకే అక్కడ రోడ్లు అద్దంలా ఉంచడం ప్రభుత్వానికి రాజకీయ అవసరం కూడా. ప్రతి మూడిళ్లలో సుమారు రెండిళ్లకు కారు లేదు. వాళ్లు ఓటేసేవాళ్లు కాబట్టి బస్సూ రైలూ సరిగా ఉంచడం అంతకన్నా పెద్ద అవసరం.

రెంటినీ ఒకే చోటునుంచి చూసేలా 1995లో ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ అనే సంస్థను పెట్టారు. రోడ్లు వేసే విభాగం, బళ్లు రిజిస్టర్ చేసే ఆఫీసు, మెట్రో కార్పొరేషన్, మంత్రిత్వ శాఖలో విధానాలు చూసే విభాగం, ఈ నాలుగింటినీ కలిపి ఒక్కటి చేశారు. పేపర్లో చదివితే ఇది ఆఫీసుల సర్దుబాటులా కనిపిస్తుంది. దాని ఫలితం చూడాలంటే నార్త్-సౌత్ కారిడార్ కథ చూడాలి. ఉత్తరం నుంచి ఊరి మధ్యకు 21.5 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే కడతామని 2008లో ప్రకటించారు. అచ్చంగా కార్ల రోడ్డు. పని మొదలవకముందే, 2016లో డిజైన్ మార్చేశారు. దాని పొడుగునా బస్సులకు ప్రత్యేక లేన్లు, సైకిల్ దారి చేర్చారు. ఎక్స్‌ప్రెస్‌వే అన్న పేరు తీసేసి కారిడార్ అన్నారు. రోడ్డు ఇంజినీరు ఒక శాఖలో, బస్సు అధికారి ఇంకో శాఖలో ఉంటే ఒక ప్రకటించిన రోడ్డు ఇలా మధ్యలో రూపం మార్చుకోవడం కష్టం. ఫైలు ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు చేరేలోపు కాంక్రీటు పోసేసి ఉండేవాళ్లు.

ఇంత పెద్ద పెద్ద పనులకన్నా చిన్నవే ఆ ఊళ్లో ఎక్కువ చెబుతాయి. బస్ స్టాప్ దాటిన వెంటనే రోడ్డు మీద పసుపు రంగు పెట్టె, త్రికోణాల గీతలు ఉంటాయి. స్టాప్‌లోంచి బస్సు బయటికి వస్తుంటే వెనక వచ్చే కార్లు ఆ గీతల ముందు ఆగి దారివ్వాలి, ఇవ్వకపోతే జరిమానా. ఇది 2008లో మొదలైంది. మన సిటీ బస్సు డ్రైవర్‌ను అడగండి, స్టాప్‌లోంచి మళ్లీ రోడ్డు మీదికి దూరడానికి ఎంతసేపు పడుతుందో. చెయ్యి బయట పెట్టి, హారన్ కొట్టి, చివరికి బండి ముక్కును అడ్డం పెట్టి రావాలి. ఆ భయంతోనే చాలామంది డ్రైవర్లు స్టాప్‌లోకి పూర్తిగా వెళ్లకుండా రోడ్డు మధ్యలోనే ఆపేస్తారు. వెనకాల ట్రాఫిక్ ఆగిపోతుంది. కార్లవాళ్లు బస్సును తిడతారు. రోడ్డు మీద కొంచెం పసుపు రంగు, ఒక రూలు, దాన్ని నిజంగా అమలు చేసే కెమెరా ఉంటే పోయే సమస్య ఇది.

రెండోది నడక. మధ్యాహ్నం కుండపోత వానలు పడే ఊరది. రైలు స్టేషన్ నుంచి 400 మీటర్ల దూరం దాకా బడులకు, ఆసుపత్రులకు, ఇళ్ల సముదాయాలకు పైకప్పున్న నడకదారులు వేశారు. స్టేషన్లో దిగినవాడు గొడుగు తెరవకుండా అపార్ట్‌మెంట్ లిఫ్టు దాకా రావచ్చు. తోవా పాయో లాంటి చోట రైలు స్టేషన్ మీదే బస్సుల కూడలి, దాని పైన ప్రభుత్వ గృహ సంస్థ ఆఫీసు కట్టారు. 2010 నుంచి బస్సు దిగి రైలెక్కినా, రైలు దిగి ఇంకో బస్సెక్కినా, ఎక్కిన ప్రతిసారీ కొత్త టికెట్టు ఉండదు. మొత్తం దూరానికే ఛార్జీ. అంతకుముందు మారిన ప్రతిసారీ కొంత అదనంగా పడేది. దానివల్ల జనం దగ్గర్లోని రైలు వదిలేసి, మారక్కర్లేని చుట్టుదారి బస్సెక్కేవారు.

ఇదంతా చదివితే స్వర్గంలా అనిపించవచ్చు. 2011 డిసెంబర్‌లో మూడు రోజుల తేడాలో రెండుసార్లు రైళ్లు ఆగిపోయాయి. చీకట్లో, ఏసీ లేని బోగీలో ఇరుక్కున్న ఒక ప్రయాణికుడు గాలి కోసం మంటలార్పే సిలిండర్‌తో కిటికీ అద్దం పగలగొట్టాడు. విచారణ జరిగి నడిపే కంపెనీకి 20 లక్షల సింగపూర్ డాలర్ల జరిమానా పడింది. 2015 జులైలో రెండు ప్రధాన లైన్లూ ఒకే సాయంత్రం నిలిచిపోయాయి, ఈసారి జరిమానా 54 లక్షలు. లాభం చూసుకునే కంపెనీ చేతిలో పట్టాలు, సిగ్నళ్లు ఉంటే మరమ్మతులు వాయిదా పడతాయని గ్రహించి 2016లో ఆ ఆస్తులను ప్రభుత్వమే తీసుకుంది. అయినా 2024 సెప్టెంబర్‌లో ఒక రైలు పాడై, పట్టాలు విరిగి, ఒక లైనులో కొంత భాగం ఆరు రోజుల పాటు మూతపడింది. ఇక డబ్బున్నవాడికే కారు అన్న మాట అక్కడ ఎప్పుడూ వినిపించేదే. అంతకన్నా ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. అంత బస్సు వ్యవస్థ ఉన్న ఊళ్లో మెట్రోలనూ, రోడ్లనూ కట్టే వలస కూలీలను లారీల వెనక కూర్చోబెట్టి పనికి తీసుకెళ్లడం ఇంకా చట్టబద్ధమే. ఆ కూలీల్లో మన దక్షిణాది వాళ్లు చాలామంది. ఆ పద్ధతి ఆపాలని అక్కడి పౌరసమాజం ఏళ్లుగా అడుగుతోంది, ఖర్చు పెరుగుతుందని కంపెనీలు అంటున్నాయి.

టోక్యో దారి వేరు. అక్కడ కారుకు వేలం లేదు, కానీ కారు కొనాలంటే దాన్ని నిలుపుకునే చోటు ఉందని పోలీసుల దగ్గర పత్రం తెచ్చుకోవాలి. 1962లో వచ్చిన చట్టం ఇది. రాత్రంతా వీధిలో కారు పెట్టేస్తే కుదరదు. చిన్న మాటలా ఉంటుంది గానీ, దానివల్ల రోడ్డు అంచు పార్కింగ్ కాకుండా రోడ్డుగానే మిగిలింది. మన కాలనీల్లో ముప్ఫై అడుగుల రోడ్డు రెండు వైపులా కార్లు పెట్టేసరికి పన్నెండు అడుగులు మిగలడం రోజూ చూసేదే. ఆ చట్టం వచ్చిన 1962లోనే, డిసెంబర్‌లో, టోక్యోలో మొదటి ఎక్స్‌ప్రెస్‌వే ముక్క తెరిచారు. 1964 ఒలింపిక్స్ తొందరలో నిహోన్‌బాషి అనే పాత రాతి వంతెన నెత్తిమీంచే ఒక ఎక్స్‌ప్రెస్‌వే వేసేశారు. జపాన్ రోడ్ల దూరాలన్నిటికీ మొదలు ఆ వంతెనే. ఇప్పుడు అదే రోడ్డును తీసి భూమి కిందికి పంపే పనిలో ఉన్నారు.

సియోల్‌లో ఇంకా గట్టి పని జరిగింది. ఊరి నడిబొడ్డున చోంగ్యేచోన్ వాగును మూసేసి పైన వేసిన ఎత్తైన రోడ్డును 2003లో పడగొట్టడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును మళ్లీ పారించారు. ఈ కథ అందరూ ఫొటోలతో సహా చెబుతారు. వాగు పక్కన కాళ్లు నీళ్లలో పెట్టుకు కూర్చున్న జంటల ఫొటోలు. ఎక్కువమంది చెప్పనిది, ఆ రెంటికీ మధ్యలో 2004 జులై 1న జరిగింది. ఆ ఒక్క రోజున నగరంలోని బస్సు రూట్లన్నీ మార్చేశారు. దూరం రూట్లకు నీలం, స్టేషన్లకు చేర్చే చిన్న రూట్లకు ఆకుపచ్చ, శివార్లకు ఎరుపు, ఊరి మధ్య తిరిగేవాటికి పసుపు రంగు. పెద్ద రోడ్ల మధ్యలో బస్సు లేన్లు. బస్సుకూ సబ్‌వేకూ కలిపి దూరాన్నిబట్టి ఒకే ఛార్జీ. ప్రైవేటు బస్సు కంపెనీలకు ఎంతమందిని ఎక్కించారని కాక, ఎన్ని కిలోమీటర్లు తిప్పారని నగరం డబ్బు కట్టడం మొదలుపెట్టింది. దాంతో రెండు బస్సులు స్టాప్ కోసం పోటీ పడి పరిగెత్తాల్సిన పని పోయింది. మొదటి రోజుల్లో కార్డు మిషన్లు పనిచెయ్యలేదు, జనానికి రూట్లు అర్థం కాలేదు, మేయర్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కొన్ని నెలల్లో సర్దుకుంది. ఒక పెద్ద రోడ్డు తీసేసినా ఊరు ఆగిపోలేదంటే, ఆ బస్సు మార్పుకు అందులో వాటా ఉంది.

రోడ్లూ రైలూ రెండూ ఉంటే చాలు, సమతుల్యం దానంతటదే వచ్చేస్తుందనుకుంటే డాలస్ వెళ్లి చూడాలి. తెలుగువాళ్లకు అక్కడ బంధువులు లేని ఇల్లు తక్కువ. ఆ ప్రాంతంలో హైవేలకు కొదవ లేదు. 1996లో మొదలైన లైట్ రైల్ ఇప్పుడు 150 కిలోమీటర్ల దాకా ఉంది, అమెరికాలో ఆ తరహా రైళ్లలో అతి పొడవైన వాటిలో ఒకటి. హైదరాబాద్ మెట్రో మొదటి దశకు రెట్టింపు పైనే. అయినా అక్కడ ఉద్యోగం వచ్చిన కుర్రాడు మొదటి నెలలో చేసే పని డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవడం. స్టేషన్ల చుట్టూ ఇళ్లు లేవు, పార్కింగ్ స్థలాలున్నాయి. రైలు దిగాక నడిచి చేరేంత దగ్గర్లో ఆఫీసు ఉండదు. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన ఫ్రిస్కో ఊరు అసలు ఆ రైలు వ్యవస్థలో సభ్యత్వమే తీసుకోలేదు. సభ్యత్వానికి అమ్మకపు పన్నులో ఒక శాతం ఇవ్వాలి. టెక్సాస్‌లో స్థానిక సంస్థలు వేసుకోగల అమ్మకపు పన్నుకు రెండు శాతం పరిమితి ఉంది. ఆ వాటాను ఫ్రిస్కో కంపెనీలను రప్పించడానికీ, ఊరి అభివృద్ధికీ కేటాయించుకుంది. కంపెనీలు వచ్చాయి, స్టేడియంలు వచ్చాయి, బళ్లు వచ్చాయి. అదే రాష్ట్రంలో హ్యూస్టన్ కేటీ ఫ్రీవేను 280 కోట్ల డాలర్లు పెట్టి, పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్ల దాకా వెడల్పు చేసింది. 2008లో పని పూర్తయింది. కొద్ది సంవత్సరాలకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరగడం మొదలైంది. డౌన్స్ చెప్పింది ఇదే కదా అని నిపుణులు ఇప్పటికీ ఉదాహరణగా దాన్నే చూపిస్తారు.

హైదరాబాద్‌ను ఈ వరసలో పెడితే, రెండూ ఉన్న ఊరే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, మెహదీపట్నం వైపునుంచి ఎయిర్‌పోర్టు దారిలో 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, గత పదేళ్లలో లేచిన ఫ్లైఓవర్లు, 2003 నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, 2017 నుంచి మెట్రో, వీటన్నిటికన్నా ముందునుంచీ ఆర్టీసీ. లేనిది వీటి మధ్య మాటలు. మెట్రో కార్డు మెట్రోది, ఎంఎంటీఎస్ టికెట్టు రైల్వేది, బస్సు టికెట్టు కండక్టర్ దగ్గర. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే మళ్లీ మొదట్నుంచీ ఛార్జీ. సింగపూర్ 2010లో వదిలించుకున్న సమస్య ఇదే. మెట్రో రాయదుర్గంలో ఆగింది, ఆఫీసులేమో ఆ పక్కనుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పాకిపోయాయి. ఆ చివరి కిలోమీటర్లకు ఆటో, క్యాబ్ వెతుక్కోవాలి కాబట్టి చాలామంది మియాపూర్ నుంచే కారు తీస్తారు. లెక్క వెయ్యడం వాళ్లకు చేతకాక కాదు, బాగా వచ్చు కాబట్టే.

ఫ్లైఓవర్ గురించి ఒక మాట. కూడలి దగ్గర ఫ్లైఓవర్ కడితే కార్లు పైనుంచి వెళ్లిపోతాయి. సిటీ బస్సు వెళ్లలేదు, దాని స్టాప్ కూడలి దగ్గరే కదా, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అక్కడే. పైకెక్కితే స్టాప్‌లు వదిలెయ్యాలి. అందుకని కిందే ఉంటుంది. కిందేమో ఫ్లైఓవర్ స్తంభాలు, దిగుడు దారి గోడలు తిన్నంత తినగా మిగిలిన ఇరుకు దారి. అందులో ఆటోలతో పాటు బస్సు. పైన కారుకు నాలుగు నిమిషాలు కలిసొచ్చాయి, కింద బస్సుకు అయిదు నిమిషాలు పోయాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. బస్సులు కిక్కిరిశాయి. అంటే బస్సెక్కే జనం లేక కాదు. హైదరాబాద్‌లో అంతమందిని మోస్తున్న బస్సుకు రోడ్డు మీద ఒక్క లేను కూడా సొంతం కాదు. ఇక్కడ కార్లకు ధర కట్టమని ఇప్పుడే అడగడం న్యాయం కాదు. 1975 నాటి వరస గుర్తుంటే ముందు చెయ్యాల్సింది ఏదో తెలుస్తుంది.

కేంద్రం 2006లో తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు స్థలాన్ని బళ్లకు కాక మనుషులకు పంచాలని రాసింది, నగరాల్లో రవాణాకంతటికీ ఒకే సంస్థ ఉండాలంది. 2017 మెట్రో విధానం ఆ సంస్థను తప్పనిసరి చేసింది. 2006 విధానం వచ్చిన రోజుల్లోనే కేంద్రం నిధులతో విశాఖలో, విజయవాడలో బస్సులకు ప్రత్యేక దారులు వెయ్యాలని పెద్ద రోడ్లు కట్టారు. విజయవాడ సత్యనారాయణపురం వైపు, పాత రైలు పట్టాలు పోయిన చోట వేసిన ఆ వెడల్పాటి రోడ్డు ఇప్పటికీ ఉంది. బీఆర్‌టీఎస్ అనే ఆ ప్రత్యేక బస్సుల వ్యవస్థ మాత్రం నిలబడలేదు. ఊళ్లో అందరూ దాన్ని బీఆర్‌టీఎస్ రోడ్డనే పిలుస్తారు. ఆటోవాడికి అడ్రస్ చెప్పాలంటే ఆ పేరే సులువు.